పంక్తిభేదం

చరకసంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయానికి 'అష్టౌనిందితీయం' అని పేరు. లోకం నిందించే ఎనిమిది రకాల శరీరాలను చరకుడు అక్కడ లెక్కపెడతాడు. మిక్కిలి పొడవైనవాడు, మిక్కిలి పొట్టివాడు, ఒళ్లంతా రోమాలున్నవాడు, రోమాలే లేనివాడు, మిక్కిలి నల్లనివాడు, మిక్కిలి తెల్లనివాడు, మిక్కిలి లావైనవాడు, మిక్కిలి బక్కవాడు. మొదటి ఆరుగురినీ అంతటితో విడిచి, చివరి ఇద్దరినీ మాత్రమే వైద్యానికి తీసికొంటాడు. వారిలోనూ లావైనవానికి చికిత్స చేయడమే ఎక్కువ కష్టమంటాడు. లావుకు కారణాలు చెబుతూ అతిభోజనం, తీపి, కొవ్వు పదార్థాలు, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర అంటూ వరుసగా చెప్పి, వాటి సరసనే 'బీజస్వభావం' అన్న మాట కూడా చేరుస్తాడు. అంటే తల్లిదండ్రుల నుండి వచ్చినది. ఇన్ని శతాబ్దాల క్రిందటి గ్రంథంలో ఆ ఒక్క మాట కనబడినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగింది. నిందించేది లోకం, చికిత్స చేయవలసినది వైద్యుడు అన్న విభజన ఆ అధ్యాయంలో స్పష్టంగా ఉన్నది.

మరి ఈ పని బడి చేతిలో పెడితే బడి ఏ పక్షాన నిలుస్తుంది? లోకం పక్షానా, వైద్యుని పక్షానా? పిల్లలలో స్థూలకాయాన్ని బడుల ద్వారా నివారించాలని ఇటీవల తరచు వింటున్నాము. ఈ ప్రయత్నం కొత్తది కాదు. దానికి ఒక చరిత్ర ఉన్నది. అందులో రెండు దేశాల అనుభవాన్ని ముఖ్యంగా మీ ముందుంచుతాను.

మొదట ఒక సంగతి గుర్తు చేసికోవాలి. బడిలోకి బరువు యంత్రమూ, భోజనపు కంచమూ వచ్చినది బక్కపిల్లవాని కోసం, లావుపిల్లవాని కోసం కాదు. 1889లో జపానులోని త్సురుఒక పట్టణంలో ఒక బౌద్ధాలయపు బడి పేదపిల్లలకు అన్నపుముద్దలు, ఉప్పుచేప, ఊరగాయ పెట్టడంతో ఆ దేశపు బడిభోజన చరిత్ర మొదలైనదని చెబుతారు. బ్రిటనులో బోయరు యుద్ధకాలంలో సైన్యంలో చేరవచ్చిన యువకులు ఎందరో దేహదార్ఢ్యం లేక తిరస్కరింపబడగా, ప్రభుత్వం ఉలిక్కిపడి విచారణ జరిపించి, 1906లో బడిపిల్లల భోజనానికి చట్టం చేసింది. ఆ మరుసటి ఏడాదే బడులలో వైద్యపరీక్షలు ప్రవేశపెట్టింది. మన వైపు 1920లో మద్రాసు కార్పొరేషను వారు థౌజండ్ లైట్స్ ప్రాంతపు బడిలో పిల్లలకు మధ్యాహ్నపు ఆహారం పెట్టడానికి తీర్మానించారు. ఖర్చు పిల్లవానికి రోజుకు ఒక అణా మించరాదు. అప్పుడు కార్పొరేషనుకు అధ్యక్షులుగా ఉన్నవారు తెలుగు మాతృభాషగా గల పిట్టి త్యాగరాయ చెట్టిగారు.

ఆనాడు ఆకలి కొలవడానికి తెచ్చిన త్రాసే తరువాతి కాలంలో కొవ్వు కొలవడానికి ఉపయోగపడింది. 2025లో యూనిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారం 5 నుండి 19 ఏండ్ల వారిలో స్థూలకాయులు ప్రపంచం మొత్తం మీద 9.4 శాతం, బరువు తక్కువవారు 9.2 శాతం. లావు బక్కను దాటిపోవడం ఇదే మొదలు. 2000 సంవత్సరంలో ఆ స్థూలకాయుల సంఖ్య 3 శాతమే.

ఇక సింగపూరు కథ. చిన్న దేశం. 1965లో స్వతంత్రమైనది. 1967 నుండి యువకులందరికీ నిర్బంధ సైనికశిక్షణ. లావుగా ఉన్నవారికి ఆ ప్రాథమిక శిక్షణ మామూలువారి కంటె ఎక్కువ కాలం సాగుతుంది. కనుక పిల్లవాని నడుము కొలత అక్కడ ఇంటి విషయం మాత్రమే కాదు, రాజ్యానికీ పట్టిన విషయం. ఒక తరంలోనే సంపద పెరిగింది, దానితోపాటు పిల్లల బరువూ పెరిగింది. 1992లో ఆ దేశపు విద్యాశాఖ 'ట్రిమ్ అండ్ ఫిట్' అనే కార్యక్రమాన్ని అన్ని బడులలోనూ ప్రారంభించింది.

పద్ధతి చాలా క్రమబద్ధమైనది. ఏటేటా పిల్లల ఎత్తూ బరువూ తూచి, ఎత్తుకు తగిన బరువు పట్టికతో సరిచూచి, మించినవారిని ఒక జట్టుగా చేస్తారు. ఆ జట్టువారు బడికి ముందో, బడి విడిచిన తరువాతో, విరామ సమయంలోనో అదనంగా పరుగెత్తాలి, తాడాట ఆడాలి. బరువు దిగిన నాడు జట్టు నుండి విముక్తి. బాగా ఫలితం చూపిన బడులకు పురస్కారాలు. దీనితోపాటు అందరికీ వర్తించే మార్పులూ కొన్ని చేశారు. బడి క్యాంటీనులో నూనెలో వేయించిన పదార్థాలను తగ్గించారు. పానీయాలలో చక్కెర తగ్గించారు. బడివేళలలో వ్యాయామం పెంచారు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

అంకెలు చూస్తే ఫలితం కనబడింది. 11, 12 ఏండ్ల పిల్లలలో స్థూలకాయం 1992లో 16.6 శాతం ఉండగా 2000 నాటికి 14.6 శాతానికి దిగింది. 15, 16 ఏండ్ల వారిలో 15.5 నుండి 13.1కు దిగింది. ప్రపంచమంతటా ఈ అంకెలు పైకి పోతున్న రోజులలో రెండు శాతం దిగడం సామాన్యం కాదు. 2002లో బ్రిటిషు మెడికల్ జర్నల్‌లో ఈ ఫలితాలు వెలువడినప్పుడు ఎన్నో దేశాలు సింగపూరు వైపు చూశాయి.

కాని అంకెలలోకి రాని సంగతి ఒకటున్నది. ఆ కార్యక్రమపు ఆంగ్లనామంలోని తొలి అక్షరాలు కలిపితే 'టాఫ్' అవుతుంది. వెనుక నుండి చదివితే 'ఫ్యాట్', అంటే లావు. ఈ సంగతి కనిపెట్టడానికి బడిపిల్లలకు ఎంతోసేపు పట్టి ఉండదు. తోటివారు విరామంలో తింటూ కబుర్లాడుకొంటూ ఉంటే, ఆ జట్టువారు అందరి కళ్ల ముందు పరుగెత్తాలి. ఎవరు లావో బడి స్వయంగా ప్రకటించినట్లయింది. వెక్కిరింతలు, సిగ్గు, తిండి మీద భయం గురించి తల్లిదండ్రులూ, పెద్దవారైన ఆ పిల్లలూ చెప్పుకొన్నారు. విమర్శలు పెరిగాయి. 2007లో ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ముగించి, లావుసన్నాలతో నిమిత్తం లేకుండా పిల్లలందరి శారీరక, మానసిక ఆరోగ్యాన్నీ ఉద్దేశించిన మరొక పద్ధతిని తెచ్చింది. 2011 నుండి బడి క్యాంటీనులలో పళ్లూ కూరగాయలూ ముడిధాన్యమూ ఉండే భోజనం పెట్టించే ఏర్పాటు మొదలైనది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. పాత పద్ధతి పోయిన తరువాత అక్కడి పిల్లల బరువు తగ్గుతూనే ఉన్నదని అనలేము. బడిపిల్లలలో అధిక బరువువారు 2013లో 11 శాతం, 2017లో 13 శాతం. కొలిచే పద్ధతులు వేరు కనుక పాత అంకెలతో వీటిని పోల్చరాదు. అయినా పెరుగుదల ఉన్నమాట నిజం. "పాత పద్ధతే మేలు కదా" అనేవారు అందువలననే ఇంకా ఉన్నారు. వారికి నా సమాధానం ఇది. 1992 తరువాత వచ్చిన ఆ తగ్గుదలలో పరుగుల జట్టు వాటా ఎంతో, చక్కెర తగ్గించిన పానీయం వాటా ఎంతో ఎవరూ విడదీసి చూపలేరు. రెండూ ఒకేసారి జరిగాయి. వాటిలో ఒకటి మాత్రమే పిల్లవానిని నొప్పించింది.

ఈ నొప్పి సంగతి నేను పుస్తకాలలో చదివి తెలిసికొన్నది కాదు. చాలా ఏండ్ల క్రిందట తొమ్మిదవ తరగతిలో భారతకథ చెబుతున్నాను. ఘటోత్కచుని ప్రస్తావన వచ్చింది. మూడవ వరుసలో బాగా లావుగా ఉండే పిల్లవాడు కూర్చొని ఉన్నాడు. నేను మాట పూర్తిచేయకుండా అతని వైపు చూసి నవ్వాను. తరగతి అంతా ఘొల్లుమన్నది. అతడూ నవ్వాడు. అతడు నవ్వాడు కనుక తప్పు లేదనుకొన్నాను. కొన్ని నెలల తరువాత ఒకనాడు హాజరు పిలుస్తూ అతని పేరు చదివితే, వెనుక బెంచీ నుండి ఎవరో ఆ మారుపేరు అందించారు. అప్పటికది బడి అంతా పాకిపోయింది. ఆటల పీరియడు వచ్చేసరికి ఆ పిల్లవాడు కడుపునొప్పి అని తరగతిలోనే కూర్చొనేవాడని డ్రిల్లు మాస్టారు చెప్పారు. ఎవనికైతే ఆట అందరికంటె ఎక్కువ అవసరమో వానిని నేనే ఆటస్థలానికి దూరం చేశాను. సింగపూరు ప్రభుత్వం చేసిన పొరపాటును నేను ఏ కార్యక్రమమూ లేకుండానే, ఒక్క నవ్వుతో చేశాను.

ఇప్పుడు జపాను. అక్కడ బడిభోజనం యుద్ధంలో ఆగిపోయి, 1946 డిసెంబరులో విదేశీ సహాయంతో మళ్లీ మొదలైనది. 1954లో బడిభోజన చట్టం వచ్చింది. అప్పటి లక్ష్యమూ ఆకలి తీర్చడమే. తరువాత దేశం సంపన్నమైనది. ఆకలి పోయింది. ఇంక భోజనం ఎందుకని ఆపివేయలేదు. 2005లో 'షొకుఇకు' ప్రాథమిక చట్టం చేశారు. షొకు అంటే తినడం, ఇకు అంటే పెంచడం. 'ఆహారశిక్షణ' అని మనం అనుకోవచ్చును. అదే ఏడాది ఏప్రిల్ నుండి బడులలో పోషకాహార ఉపాధ్యాయుల పదవులు ఏర్పడ్డాయి. వారు ఏం వండాలో నిర్ణయిస్తారు, తరగతిలో పాఠమూ చెబుతారు. 2008లో పాత భోజన చట్టాన్ని సవరించి దాని ఉద్దేశాన్నే మార్చారు. పోషణలోపం తీర్చడానికి పుట్టిన చట్టం, తినడం నేర్పే చట్టమైనది.

భోజనవేళ అక్కడ ఎట్లుంటుందంటే, పిల్లలే వంతులవారీగా తెల్లని టోపీలు, ముసుగులు, అంగీలు ధరించి వంటపాత్రలు తరగతిగదికి మోసికొని వస్తారు. వారే వడ్డిస్తారు. అన్నం, పులుసు, చేపో మాంసమో, కూర, పాలు. లావైన పిల్లవానికీ బక్కపిల్లవానికీ వంటకాలు అవే. ఉపాధ్యాయుడూ అక్కడే కూర్చొని అదే భోజనం చేస్తాడు. తిన్న తరువాత పిల్లలే శుభ్రం చేస్తారు. చాలా ప్రాథమిక పాఠశాలల పిల్లలు బడికి గుంపులుగా నడిచి వస్తారు.

జపానులో పిల్లలను తూచరా అంటే, తూస్తారు. 1900 నుండి తూస్తూనే ఉన్నారు. కాని తూచిన అంకెను బట్టి విరామంలో పరుగెత్తించే జట్టు కట్టలేదు. 2018లో ప్రచురితమైన ఒక అధ్యయనం, ఏ రాష్ట్రంలో ఎక్కువ మంది మాధ్యమిక విద్యార్థులకు బడిభోజనం అందుతున్నదో అక్కడ మగపిల్లలలో అధిక బరువు తగ్గినట్లు చూపింది. తగ్గుదల చిన్నదే. ఆడపిల్లలలో స్పష్టంగా కనబడలేదు. అన్నీ బడిభోజనం ఘనతే అనడానికి వీలు లేదు. వారి ఇంటి వంట, నడక కూడా లెక్కలోకి రావాలి. అక్కడా లోపాలున్నాయి. కంచంలో మెతుకు మిగలకుండా తినాలని కొందరు ఉపాధ్యాయులు పట్టుపట్టి పిల్లలను ఏడిపించిన సంఘటనలు ఆ దేశంలో పెద్ద చర్చకే దారితీశాయి. కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు అక్కడా పిల్లల బరువు పెరిగింది.

మన పెద్దలు భోజనాల విషయంలో ఒక దోషం చెప్పేవారు. ఒకే బంతిలో కూర్చున్నవారిలో ఒకరికి నేయి వడ్డించి మరొకరికి మానివేయడం పంక్తిభేదం. అది పాపమని చెప్పేవారు. జపాను వారు చేసినది సహపంక్తి. సింగపూరు వారు 1992 నుండి 2007 దాకా మంచి ఉద్దేశంతోనే పంక్తిభేదం చేశారు. లేపి నిలబెట్టబడినవాడు ఆ భోజనాన్ని మరచిపోవచ్చును గాని లేపిన సంగతి మరచిపోడు.

అమెరికా అనుభవం దీనికి మరొక పాఠం చేరుస్తుంది. అక్కడ 1991 నుండి 1994 దాకా నాలుగు రాష్ట్రాలలో 96 బడులలో 'క్యాచ్' అనే పెద్ద పరీక్ష జరిగింది. ప్రయోగం జరిగిన బడులలో మధ్యాహ్నభోజనపు శక్తిలో కొవ్వు వాటా 38.7 శాతం నుండి 31.9 శాతానికి దించారు. వ్యాయామ పీరియడులో పిల్లలు నిజంగా కదిలేటట్లు చేశారు. అయినా ఇతర బడుల పిల్లలతో పోలిస్తే బరువులో తేడా రాలేదు. అక్కడి ఆదివాసుల పిల్లల కోసం 41 బడులలో మూడేండ్లు నడిపిన మరొక ప్రయత్నం ఫలితాలు 2003లో వచ్చాయి. అందులోనూ ఒంటికొవ్వు తగ్గలేదు. బడి చేతిలో ఉన్నది పిల్లవాని రోజులో కొన్ని గంటలే. మిగిలినది ఇల్లు, వీధి, అంగడి.

మరి పిల్లవాని బరువు కొలిచి ఇంటికి చీటీ పంపితే? 2003లో ఆర్కాన్సా రాష్ట్రం చట్టం చేసి మరీ ఆ పని మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలో 79 బడులలో సుమారు 29,000 మంది పిల్లలపై దీనిని పరీక్షించారు. 2020లో వెలువడిన ఫలితం ఏమనగా, చీటీలు అందుకొన్న ఇళ్లలో పిల్లల బరువు తగ్గలేదు. పైగా బడిలో తూచిన పిల్లలకు తమ శరీరం మీద అసంతృప్తి కొంత హెచ్చింది. నింద ఔషధం కాదని దీనికంటె స్పష్టంగా చెప్పే అంకెలు నాకు కనబడలేదు.

ఇక మన సంగతి. 2016–18లో దేశమంతటా జరిగిన సమగ్ర పోషణ సర్వేలో 5 నుండి 9 ఏండ్ల పిల్లలలో 22 శాతం వయస్సుకు తగిన ఎత్తు లేనివారు. 10 నుండి 19 ఏండ్ల వారిలో 24 శాతం బక్కవారు, 5 శాతం అధిక బరువువారు. చరకుడు చివర మిగుల్చుకొన్న ఇద్దరూ మన బడిలో ఒకే బెంచీ మీద కూర్చొని ఉన్నారు. కనుక లావుపిల్లల కోసం ఒక కార్యక్రమం, బక్కపిల్లల కోసం మరొకటి అని విడదీస్తే మన దగ్గర కుదరదు. ఇద్దరికీ మేలు చేసే కంచం ఒకటే కావాలి.

అటువంటి కంచం మనకు ఉన్నది. 2001 నవంబరు 28న సర్వోన్నత న్యాయస్థానం బడులలో వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుండి అది అమలైనది. ప్రాథమిక తరగతుల వారికి 450 క్యాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతుల వారికి 700 క్యాలరీలు, 20 గ్రాములు అని నియమం. పప్పు, కూర, గుడ్డు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవారికి కూడా ఎవరు ఏమిటని అడగకుండా అన్నం పెట్టిన తల్లి ఆమె.

అయితే ఈ పథకం ఆకలి తీర్చే పనిగానే మిగిలిపోయింది. తినడం నేర్పే పాఠంగా ఎదగలేదు. వండిన అన్నాన్ని ముందుగా ఒక ఉపాధ్యాయుడు రుచి చూడాలని నియమం ఉన్నది. నా వంతు వచ్చినప్పుడు నేనూ ఒక ముద్ద రుచి చూసి, పుస్తకంలో సంతకం చేసి, స్టాఫ్ రూములోకి పోయి ఇంటి క్యారియరు విప్పుకొనేవాడిని. నా తోటివారిదీ అదే దారి. అదీ పంక్తిభేదమేనని జపాను గురించి చదివిన తరువాతనే తోచింది.

రుసుములు కట్టే ప్రైవేటు బడులలో ఈ కంచమూ లేదు. అక్కడ ఇంటి డబ్బా, గేటు ముందరి అంగడి. 2020లో ఆహారభద్రతా ప్రాధికార సంస్థ కొవ్వు, చక్కెర, ఉప్పు అధికంగా ఉన్న పదార్థాలను బడి గేటుకు 50 మీటర్ల లోపల అమ్మరాదని నిబంధన చేసింది. 2025లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి తన బడులలో 'చక్కెర బోర్డులు' పెట్టాలని కోరింది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉన్నదో పిల్లలందరికీ కనబడేటట్లు వ్రాసి పెట్టడం వాటి పని. వేలు చూపేది చక్కెర వైపు గాని పిల్లవాని వైపు కాదు. నాకు ఈ పద్ధతి నచ్చింది. కాని గోడమీది బోర్డు ఒక్కటే చాలదు. అమెరికా వారి 96 బడులు అదే చెబుతున్నాయి.

ఆటస్థలం సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం అసత్యమవుతుంది. ఎన్నో బడులకు ఆటస్థలమే లేదు. ఉన్నచోట పదవ తరగతి వచ్చేసరికి ఆటల పీరియడు ఉండదు. దానిని లెక్కల మాస్టారు తీసికొంటారని అందరూ ఆయనను ఆడిపోసికొంటారు. నేను తెలుగు పండితుడిని. ఛందస్సు మిగిలిపోయిందని ఎన్నో సంవత్సరాలు ఆ పీరియడును నేనూ అడిగి తీసికొన్నాను. డ్రిల్లు మాస్టారు ఎన్నడూ కాదనలేదు. గణవిభజన చేయిస్తూ ఉంటే పిల్లలు కిటికీలోంచి ఖాళీ మైదానం వైపు చూసేవారు. పరధ్యానమని కసిరేవాడిని.

మీలో చాలమంది విదేశాలలో పిల్లలను పెంచుతున్నారు. కొందరు ఇక్కడే ఉపాధ్యాయులుగా ఉన్నారు. మీ పిల్లల బడిలో భోజనవేళ ఎట్లున్నదో, ఉపాధ్యాయులు ఎక్కడ కూర్చొని తింటారో, ఆటల పీరియడు ఎవరి పాలవుతున్నదో వ్రాయండి. సింగపూరులో ఆ పదిహేనేండ్లలో చదువుకొన్నవారు ఎవరైనా ఉంటే వారి మాట మరీ విలువైనది. నేను పొరబడి ఉంటే దిద్దుకొంటాను.